మాట మధ్యలోంచి రావాలి

(మా ఊరి తెలుగువారి నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పకోడీలు చల్లారకముందే ముగించమని అధ్యక్షులవారు నా చెవిలో చెప్పారు. నేను మాట్లాడటానికి వచ్చింది చెవుల గురించే కాబట్టి ఆ మాట నాకు స్పష్టంగానే వినిపించింది.

నాకిచ్చిన విషయం "ఇంట్లో హోమ్ థియేటరు రిసీవరు కలుపుకోవటం ఎలా?" నేను సౌండు ఇంజనీర్ని కాను. పొద్దున్నించీ సాయంత్రం దాకా డేటాబేసులు చూసుకుని పొట్ట పోసుకునేవాణ్ణి. కాకపోతే ఇరవై ఏళ్ళుగా స్నేహితుల ఇళ్ళలో వైర్లు కలిపీ కలిపీ "వైర్ల శాస్త్రి" అనే బిరుదు సంపాదించుకున్నాను. ఎవరైనా కొత్త ఇల్లు కొంటే గృహప్రవేశానికి పురోహితుడొస్తాడు, ఆ మర్నాడు స్క్రూడ్రైవరు పట్టుకుని నేనొస్తాను. అంత ధీమాగా తిరిగేవాణ్ణి, మా సొంత ఇంట్లో అన్నీ తప్పుగా కలిపి పెట్టుకుని, ఆ తప్పుని తీసుకెళ్ళి మా అమ్మ చెవుల మీద రుద్దాను. ఇవాళ చెప్పబోయేది ఆ సంగతే. రిసీవరు కలిపే పద్ధతి కూడా అందులోనే వస్తుంది.

మేముండేది మిషిగన్‌లో. ఇక్కడ చలికాలం ఎంత పొడుగో మీకు చెప్పక్కర్లేదు. 2021లో అందరూ ఇళ్ళలో బందీలుగా ఉన్న రోజుల్లో మేమూ బేస్‌మెంటు బాగు చేయించుకున్నాం. పెద్ద టీవీ, ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు, వీటన్నిటికీ పెద్దన్నలాంటి ఒక రిసీవరు. తీగలన్నీ సీలింగులోంచి నేనే లాగాను. మొదటి శనివారం పదిమంది స్నేహితుల్ని పిలిచి ఒక కార్ల వేట చూపించాను. నేల అదిరింది, గోడ మీది ఫొటో ఒకటి వంకరైంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సినిమాలో ఎవరు ఏం మాట్లాడారని ఆ రోజు ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే నా బండారం అప్పుడే బయటపడేది.

2022 అక్టోబరులో తెనాలినించి మా అమ్మ వచ్చింది. అప్పటికి ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు. మా అమ్మకి సినిమా అంటే ప్రాణం. ఆవిడ పదకొండో ఏట, 1957లో, మాయాబజార్ వచ్చింది. ఎన్నిసార్లు చూసిందో ఆవిడకే లెక్క తెలియదు. అలాంటి మనిషికి నా థియేటరు చూపించాలని ఎంత ఉబలాటపడ్డానో మీరు ఊహించుకోవచ్చు. జెట్‌లాగ్ తీరీ తీరకముందే, మోకాళ్ళు నొప్పులంటున్నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, వెనక సోఫాలో మెత్తటి చోటు చూసి కూర్చోపెట్టి, ఈమధ్య వచ్చిన ఒక భారీ సినిమా పెట్టాను.

అరగంటయ్యాక మెల్లిగా అంది: "చప్పుడు బ్రహ్మాండంగా ఉందిరా. ఇంతకీ వాళ్ళేం మాట్లాడుకుంటున్నారు?"

నేను సౌండు పెంచాను. ఆవిడ శాలువా చెవులమీదకి లాక్కుంది. ఇంకో విచిత్రం, తెర మీద ఎవరు నోరు తెరిచినా ఆవిడ వెనక్కి తిరిగి చూసేది. "ఎవరో మన వెనకాల మాట్లాడుతున్నట్టుంది" అనేది. నేను నవ్వి, "సరౌండ్ సౌండంటే అదేనమ్మా" అని గర్వంగా చెప్పాను.

పది రోజులు గడిచాయి. తరవాత ఆవిడ కిందికి రావటం మానేసింది. మోకాళ్ళంది, నిద్రంది. వంటింట్లో కూర్చుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని పాత సినిమాలు చూసుకునేది. అంత చిన్న ఫోనులో అర్థమైన మాటలు, అంత పెద్ద స్పీకర్లలో ఎందుకు అర్థం కావటం లేదని నాకు అనుమానం రావాలి కదా? రాలేదు. ఒకరోజు గరాజ్‌లో నుంచుని హైదరాబాదులో ఉన్న మా తమ్ముడితో ఫోనులో "అమ్మకి చెముడొస్తోందిరా, ఇంటికొచ్చాక డాక్టరుకి చూపించాలి" అన్నాను. తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ మాట మాత్రం ఆవిడకి చక్కగా వినిపించింది.

ఆ రాత్రి ఆవిడ మా ఆవిడతో అందట: "అమ్మాయ్, వాణ్ణి నా టిక్కెట్టు ముందుకి జరపమను. వినపడని దాన్ని, ఇక్కడ కూర్చుని ఏం చేస్తాను?"

ఆరు నెలలకని పిలిపించుకున్న తల్లి, రెండు నెలలు కాకుండానే వెళ్ళిపోతానంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. మర్నాడే ఇక్కడి చెవుల నిపుణురాలి దగ్గర అపాయింటుమెంటు తీసుకున్నాను. ఆవిడ గంటసేపు పరీక్ష చేసి, వయసుతో వచ్చే వినికిడి తగ్గుదల కొంత ఉందనీ, సన్నటి శబ్దాల దగ్గర అది కాస్త ఎక్కువనీ చెప్పింది. తరవాత నన్నో ప్రశ్న అడిగింది: "ఎదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడితే మీ అమ్మగారికి అర్థమవుతోందా?" అవుతోందన్నాను. "అయితే చెవులతో పాటు మీ టీవీ సంగతి కూడా ఒకసారి చూసుకోండి" అంది.

కారులో అమ్మ ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఆ థాంక్స్‌గివింగ్ సెలవుల్లో, శనివారం పొద్దున్నే కాఫీ తీసుకుని బేస్‌మెంటులోకి దిగాను. కలిపినవన్నీ మొదటినించీ చూసుకుంటూ వచ్చాను. ఒకటి కాదు, ఐదు తప్పులు దొరికాయి. అవి చెప్పేముందు, అసలు ఈ యంత్రం చేసే పనేమిటో రెండు ముక్కలు.

రిసీవరు అనే పేరు రేడియో రోజుల్లోంచి వచ్చింది. ఇప్పుడది మూడు పనులు చేస్తుంది. ఎన్ని పెట్టెలు కలిపినా వాటిలో మనక్కావలసినదాన్ని ఎంచుతుంది. అందులోని శబ్దాన్ని విప్పి, ఏ స్పీకరుకి ఏది వెళ్ళాలో పంచుతుంది. స్పీకరుని కదిలించేంత బలం ఆ శబ్దానికి ఇస్తుంది. డాల్బీ డిజిటల్ 1992లో, డి.టి.ఎస్ 1993లో సినిమా హాళ్ళలోకి వచ్చాయి. అప్పటినించీ మనం వింటున్న "5.1" అంటే, ముందు ఎడమ, మధ్య, కుడి మూడు స్పీకర్లు, పక్కలకి కాస్త వెనగ్గా మరి రెండు, వెరసి ఐదు. ఆ పాయింటు ఒకటి, ఉరుములకీ పిడుగులకీ గదాఘాతాలకీ పెట్టిన సబ్‌వూఫరు.

ఊళ్ళో పెళ్ళి ఊరేగింపు వస్తుంటే మేళం ఏ సందులోంచి వస్తోందో కళ్ళు మూసుకుని చెప్పగలం. సన్నాయి ఒక చెవికి ముందు, రెండో చెవికి వెంట్రుకవాసి ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడానిబట్టి మనసు దిక్కు కట్టేస్తుంది. సరౌండ్ సౌండంతా ఆ తేడా మీదే నిలబడింది. సినిమావాళ్ళు ఏం చేస్తారంటే, పాటనీ వర్షాన్నీ జనఘోషనీ చుట్టూ పరిచి, మాటల్ని మాత్రం చాలావరకు మధ్య స్పీకరులోనే పెడతారు. అంటే కథంతా ఆ ఒక్క పెట్టెలోంచి వస్తుందన్నమాట. మనం ఎక్కువ డబ్బు పోసి కొనేది మాత్రం సబ్‌వూఫరు!

ఇక నా తప్పులు.

మొదటి తప్పు టీవీలో ఉంది. మా టీవీలోని యాప్‌లలో సినిమా పెడితే ఆ శబ్దం హెచ్.డి.ఎమ్.ఐ తీగలోనే వెనక్కి నడిచి రిసీవరుకి చేరాలి. ఈ వెనక దారిని ఎ.ఆర్.సి అంటారు. 2009లో వచ్చింది. టీవీ వెనక మూడు నాలుగు సాకెట్లున్నా సాధారణంగా ఒక్కదానికే ఎ.ఆర్.సి అని రాసి ఉంటుంది. తీగ అందులోనే పెట్టాలి. రిసీవరు వైపు కూడా అదే పేరున్న అవుట్‌పుట్ సాకెట్లోనే పెట్టాలి. అది సరిగ్గానే పెట్టాను. కానీ టీవీ సౌండు మెనూలో "డిజిటల్ అవుట్‌పుట్" అన్నచోట పి.సి.ఎమ్ అని ఉంది. మామూలు ఎ.ఆర్.సి దారిలో పి.సి.ఎమ్ అంటే రెండే రెండు కాలవలు, ఎడమా కుడీ. సినిమాలో ఐదు కాలవలున్నా టీవీయే వాటిని రెండుగా కలిపి పంపేస్తోంది. దాన్ని "ఆటో" కిందకో, "బిట్‌స్ట్రీమ్" కిందకో, "పాస్ త్రూ" కిందకో మార్చాలి. ఒక్కో టీవీలో ఒక్కో పేరు. తరవాత వచ్చిన ఇ-ఎ.ఆర్.సి దారి ఇంకా వెడల్పు. టీవీకీ రిసీవరుకీ రెండిటికీ అది ఉంటే తప్పకుండా దాన్నే వాడుకోండి. పాత టీవీలకి వాడే ఆప్టికల్ తీగ కూడా 5.1 డాల్బీ డిజిటల్‌ని మొయ్యగలదు, అంతకు మించినవి మొయ్యలేదు.

మరి రెండు కాలవలే వస్తున్న సంగతి ఇన్నాళ్ళూ నాకెందుకు తెలియలేదు? అదే రెండో తప్పు. మొదట్లో వెనక స్పీకర్లు పలకటం లేదని రిమోటు మీద ఏదో బొత్తాం నొక్కాను. ఐదూ ఒక్కసారి మోగాయి. "హమ్మయ్య, సరౌండ్ వచ్చింది" అనుకున్నాను. ఆ బొత్తాం పేరు "ఆల్ చానెల్ స్టీరియో". పార్టీల కోసం పెట్టినది అది. వచ్చిన రెండు కాలవల్నే అన్ని స్పీకర్లకీ పంచేస్తుంది, మాటల్తో సహా. మా అమ్మ కూర్చున్నది వెనక సోఫాలో, వెనక స్పీకరుకి రెండడుగుల దూరంలో. తెరమీద మనిషి మాట్లాడితే ఆవిడ వెనక్కి తిరిగి చూసిందంటే, ఆవిడ చెవి సరిగ్గా పనిచేసిందన్నమాట. మాట వెనకనించే వస్తోంది మరి! గదిలో తప్పెక్కడుందో పట్టుకున్న చెవి ఆవిడదొక్కతిదే. నవ్వినవాణ్ణి నేను.

అందుకని మీకో సలహా. అన్ని స్పీకర్లూ మోగుతున్నాయని సంతోషించకండి. ఏ స్పీకరులో ఏది మోగుతోందో చూసుకోండి. రిసీవరులో "ఇన్ఫర్మేషన్" అనే తెర ఒకటి ఉంటుంది. ఎన్ని కాలవలు లోపలికి వస్తున్నాయో, ఎన్ని బయటికి వెళ్తున్నాయో అందులో కనిపిస్తుంది. సినిమా 5.1 అయ్యుండి, లోపలికొచ్చేవి రెండే అయితే తప్పు రిసీవరుకి ముందే ఉందని అర్థం.

మూడో తప్పు చెప్పుకోవటానికే సిగ్గుగా ఉంటుంది. మధ్య స్పీకరుని టీవీ కింద బీరువాలో, లోపలికంటా తోసి, అందంగా ఉంటుందని ముందు తలుపు కూడా వేశాను. ముఖ్యమైన మాటలన్నీ మోసే పెట్టె నోరు మూసి, దాన్ని జనం మోకాళ్ళవైపు తిప్పి పెట్టానన్నమాట. మధ్య స్పీకరు అరలో ఉంటే అర అంచుదాకా లాగాలి. కింద ఉంటే ముందు భాగం కాస్త ఎత్తిపెట్టి, కూర్చున్నవాళ్ళ చెవులవైపు చూసేట్టు చెయ్యాలి. అందుకు రెండు రబ్బరు ముక్కలు చాలు. ఎడమ కుడి స్పీకర్ల మధ్య దూరం, వాటినించి మీ కుర్చీకి ఉండే దూరం ఇంచుమించు సమానంగా ఉంటే మంచిది. మూడు భుజాలూ సమానమైన ముగ్గులాగా. పక్క స్పీకర్లు మీ చెవులకి కొంచెం వెనగ్గా, తలకంటే కొంచెం ఎత్తున ఉండాలి. ముఖ్యంగా, ఎవరి చెవి పక్కనా అంటుకున్నట్టు ఉండకూడదు.

నాలుగో తప్పు తీగల్లో. స్పీకరు తీగకి రెండు పోగులుంటాయి. రిసీవరు మీది ఎర్ర మరనించి బయల్దేరిన పోగు స్పీకరు ఎర్ర మరకే చేరాలి, నల్లది నల్లదానికి. తారుమారైనా స్పీకరు మోగుతుంది. అందుకే ఇది పట్టుబడని దొంగ. ఒకటి గాలిని ముందుకి తోస్తున్నప్పుడు తారుమారైనది వెనక్కి లాగుతుంది. రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని, లోతు పోయి, మధ్యలో నిలబడాల్సిన గొంతు గదంతా చెదిరి బోలుగా వినిపిస్తుంది. సీలింగులో మెడ విరుచుకుని తీగ లాగుతున్నప్పుడు ఎడమ స్పీకరుకి నేను చేసింది అదే. మనవాళ్ళు చీరల అంచు చూసి రంగు చెప్పగలరు గానీ, ఆ తీగ మీద సన్నటి గీత చూసి ప్లస్సు ఏదో చెప్పటం కష్టం. రెండు చివర్లా ఎర్ర టేపు చుట్టుకోండి.

దీన్ని పట్టుకోవటానికి ఒక పాత సినిమా చాలు. మాయాబజార్ అసలు శబ్దం మోనో, అంటే ఒకటే కాలవ. 2010లో రంగులద్ది డి.టి.ఎస్‌తో విడుదల చేశారు గానీ, నేను పెట్టింది పాత నలుపు తెలుపుది. రిసీవరుని మామూలు "స్టీరియో"లో పెడితే ఎడమా కుడీ మాత్రమే మోగుతాయి. తీగలు సరిగ్గా ఉంటే, అక్కడ స్పీకరు లేకపోయినా, గొంతు సరిగ్గా నడిమధ్యనించి వస్తున్నట్టుంటుంది. మా ఇంట్లో అది మధ్యలో లేదు, ఎక్కడుందో చెప్పలేనట్టు ఉంది. రిసీవరు ఆపి, గోడ ప్లగ్గు కూడా పీకేసి, ఎడమ స్పీకరు పోగులు మార్చాను. మళ్ళీ పెట్టాను. గొంతు వచ్చి మధ్యలో నుంచుంది.

తీగల మాటొచ్చింది కాబట్టి ఇంకో రెండు జాగ్రత్తలు. రిసీవరు ఆన్‌లో ఉండగా స్పీకరు తీగలు ముట్టుకోవద్దు. ఒక్క రాగి పోచ పక్క మరకి తగిలినా షార్టవుతుంది. అదృష్టం బాగుంటే రిసీవరు తనంతట తానే ఆగిపోతుంది, లేకపోతే కొత్తది కొనుక్కోవాలి. బనానా ప్లగ్గులు పెట్టుకుంటే ఆ బెడద తగ్గుతుంది. మామూలు గదులకి 16 గేజి తీగ చాలు, యాభై అడుగులు దాటితే 14 వెయ్యండి. ఈ దేశంలో గోడలోపల వేసే తీగ మీద సి.ఎల్.2 గానీ సి.ఎల్.3 గానీ అచ్చు ఉండాలి. నిప్పు సంగతి కదా, అక్కడ పిసినారితనం వద్దు.

ఐదో తప్పు మైకుది. ఈమధ్య రిసీవర్లతో పాటు చిన్న మైకు ఒకటి ఇస్తున్నారు. అది స్పీకర్ల చప్పుడు విని ఏది ఎంత దూరమో, ఏది ఎంత గట్టిగా పలకాలో కొలుచుకుంటుంది. శబ్దానికి ఒక అడుగు నడవటానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. దగ్గరున్న స్పీకరు కాసేపాగి పలికితేనే అన్నీ కలిసి చెవికి చేరతాయి. మైకుని కూర్చున్న మనిషి చెవి ఎత్తున, స్టాండు మీద పెట్టాలి. ఇంట్లో నిశ్శబ్దంగా ఉండాలి. నేనేం చేశాను? మైకుని నా కుర్చీ చేతిమీద పెట్టి, పక్క గదిలో ఫర్నేసు గుర్రుమంటుంటే కొలిపించాను. అప్పుడది "ఎడమ స్పీకరు తీగలు చూసుకోండి" అని తెరమీద హెచ్చరించింది కూడా. ఆ హెచ్చరిక కొన్నిసార్లు ఉత్తిపుణ్యానికే వస్తుందని ఎక్కడో చదివి, "ఇగ్నోర్" నొక్కేశాను. యంత్రం చెప్పినా వినలేదు, అమ్మ చెప్పినా వినలేదు.

ఈసారి ఫర్నేసు ఆపి, మైకుని అమ్మ కూర్చునే చోటే పెట్టి మళ్ళీ కొలిపించాను. అంతకు ముందే సోఫాని కూడా మూడడుగులు ముందుకి జరిపాను. కొలత అయ్యాక రెండు అంకెలు సరిచూసుకున్నాను. స్పీకర్లన్నిటినీ "స్మాల్" అని పెట్టి 80 హెర్ట్‌జ్ దగ్గర గీత గీయటం చాలా ఇళ్ళకి సరిపోతుంది. ఆ కిందిదంతా సబ్‌వూఫరు చూసుకుంటుంది. మాటలు మోసే స్పీకరు మీద బరువు తగ్గుతుంది. సబ్‌వూఫరు ఉన్న దూరం కంటే ఎక్కువ చూపిస్తే కంగారు పడకండి. దాని లోపలి ఆలస్యాన్ని కూడా కలిపి లెక్కేస్తుంది.

చివరగా అమ్మ కోసం రెండు పనులు చేశాను. అవి వయసు మీద పడ్డవాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ చేసుకోదగ్గవి. ముందు కారణం చెప్తాను. మన మాటలో బలమంతా అచ్చులది, అర్థం ఎక్కువగా హల్లులది. స, ష, త, క, చ లాంటివి సన్నటి, బలహీనమైన శబ్దాలు. వయసుతో ముందుగా జారిపోయేది ఆ సన్నదనమే. పాలు, కాలు, చాలు, తాలు, వీటిలో మొదటి హల్లు జారిపోతే అన్నీ "ఆలు"గానే వినిపిస్తాయి. అప్పుడు మొత్తం సౌండు పెంచితే బాంబులూ పెరుగుతాయి, వాద్యాలూ పెరుగుతాయి, మాట మళ్ళీ వాటికిందే పడి ఉంటుంది. పెంచాల్సింది మాటని ఒక్కదాన్నే. అందుకే మధ్య స్పీకరుని ఒక్కదాన్ని 3 డెసిబెల్స్ పెంచాను. రెండోది, "నైట్ మోడ్" అనో "డైనమిక్ రేంజ్" అనో ఒక మీట ఉంటుంది. అది గుసగుసని పైకెత్తి, పిడుగుని కిందికి దించుతుంది. స్నేహితులొచ్చిన రోజున తీసేసుకోవచ్చు. మామూలు రోజుల్లో అలాగే ఉంచండి.

సాయంత్రానికి పని అయింది. పైకి వెళ్ళి, "అమ్మా, ఒక్కసారి కిందికి రా" అన్నాను.

"ఇప్పుడెందుకురా, మోకాళ్ళు" అంది.

"మాయాబజార్" అన్నాను.

మెట్ల కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వచ్చింది. మా అమ్మాయి నానమ్మ పక్కనే దుప్పటి కప్పుకుని కూర్చుంది. రిసీవరుని ఈసారి "డాల్బీ సరౌండ్"లో పెట్టాను. రెండు కాలవల్లోనూ ఒకేలా ఉన్న శబ్దాన్ని అది మధ్య స్పీకరుకే పంపుతుంది కాబట్టి, మోనో సినిమా మొత్తం ఆ ఒక్క పెట్టెలోంచే వచ్చింది. ఐదు స్పీకర్లలో నాలుగు దాదాపు మూగగా కూర్చున్నాయి. వేల డాలర్ల థియేటరు, పలికింది ఒక్క నోరు.

ఎస్వీ రంగారావు తెరమీదికి వచ్చాడు. అమ్మ పెదవులు ఆయన మాటలతో పాటు కదులుతున్నాయి. ఒక్క క్షణం ముందే కదులుతున్నాయి. వెనక్కి తిరిగి చూడలేదు. శాలువా చెవులమీదికి లాక్కోలేదు. నేను తెర చూడలేదు, ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నాను.

కాసేపయ్యాక "ఆ మాట ఎక్కణ్ణించి వస్తోందిరా?" అంది. టీవీ కింద ఉన్న స్పీకరు చూపించాను. నవ్వింది. అప్పుడు మా అమ్మాయికి చెప్పిన కథ నేనూ అంతకు ముందు వినలేదు. చిన్నప్పుడు నేల టిక్కెట్టులో, తెరకి బాగా దగ్గరగా కూర్చునేవారట. ఘటోత్కచుడు ఎక్కడినించి మాట్లాడుతున్నాడో చూద్దామని, ఇంటర్వెల్లులో అమ్మా, వాళ్ళ అక్కా కలిసి తెర పక్కనించి వెనక్కి తొంగి చూశారట. ఘటోత్కచుడు లేడు. నల్లటి పెద్ద పెట్టె ఒకటి ఉందట. "మా అక్క ఏడ్చింది. నేను మాత్రం దాన్ని చెయ్యిపెట్టి తాకి వచ్చాను" అంది.

నేను పుస్తకాలు చదివి, మెనూలు తిప్పి తెలుసుకున్న సంగతి ఆవిడకి పదకొండేళ్ళప్పుడే తెలుసు. మాట మధ్యలోంచి, తెర ఉన్న చోటినించే రావాలి. సినిమా తెరకి కంటికి కనపడని చిల్లులు పెట్టేది, దాని వెనకనున్న పెట్టె గొంతు ఇవతలికి రావటానికే.

టిక్కెట్టు జరపలేదు. అమ్మ 2023 ఏప్రిల్‌ దాకా ఉంది. వారానికి రెండు సినిమాలు చూసింది. కొత్తవి కూడా చూసింది, తెలుగు సినిమాకి కింద ఇంగ్లీషులో మాటలెందుకేస్తారని మా అమ్మాయితో వాదిస్తూ. పరీక్ష కాగితం పట్టుకెళ్ళి గుంటూరులో చూపించుకుని, ఇప్పుడు చెవికి చిన్న యంత్రం కూడా పెట్టుకుంటోంది. వినికిడి తగ్గిన మాట నిజమే. ఎంత తగ్గింది, ఎంత నా తీగల తప్పు అని తేల్చుకోకుండా, మొత్తం ఆవిడ ఖాతాలో రాసేశాను చూడండి, అదీ నేను చేసిన ఆరో తప్పు.

ఇవాళ ఇంటికెళ్ళాక మూడు పనులు చెయ్యండి. ఇన్ఫర్మేషన్ తెరలో ఎన్ని కాలవలు వస్తున్నాయో చూడండి. ఒక పాత మోనో సినిమా పెట్టి, స్టీరియోలో గొంతు మధ్యలో నిలబడుతోందో లేదో వినండి. మూడోది, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళని మంచి చోట కూర్చోపెట్టి, ఏం వినిపిస్తోందని అడగండి. వాళ్ళు చెప్పింది నమ్మి, తీగలు చూసుకోండి.

వెళ్ళేముందు విమానాశ్రయంలో అమ్మని అడిగాను, "చెముడన్నానని బాధపడ్డావామ్మా?" అని.

ఆవిడ చేతిసంచీ జిప్పు వేసుకుంటూ అంది: "నాకు కాస్త చెముడు లేకపోలేదులేరా. పదిరోజుల పాటు మాటలు వినపట్టం లేదని చెప్తుంటే వినిపించుకోనివాడివి మాత్రం నువ్వే."

పకోడీలు ఇంకా వేడిగానే ఉన్నట్టున్నాయి. సెలవు. నమస్కారం.